వెండితెర వెంట వచ్చు పుస్తకములు

సినిమా చూచి వచ్చిన బిడ్డ “తరువాత ఏమాయెనమ్మా?” యని యడుగని యిల్లుండదు. తెరమీఁది కథ మూడు గంటలలో ముగియును. బిడ్డ మనస్సున మాత్రము ముగియదు. ఆ మిగిలిన కోరికనుండి పుట్టినవే సినిమా కథల ననుసరించు నవలలును, బొమ్మల కథల పుస్తకములును. ఇవి కేవలము వ్యాపారపు సరకులా, లేక బిడ్డల చేతి కీయఁదగినవా యని తల్లులు విచారింపవలసియున్నది.

ఇట్టివి మనకు క్రొత్తవి కావు. డేరా సినిమాలయొద్ద అమ్మెడి పాటల పుస్తకములను మా కొనకనమిట్ల ప్రాంతపు పెద్దలు నేఁటికిని తలఁచుకొందురు. వానిలో కథను సగము చెప్పి, మిగిలినది తెరపైఁ జూడుఁడని విడిచెడివారు. పిదప “వెండితెర నవల” యను పేర కథ యంతయు పుస్తకమై వచ్చెను. ముళ్లపూడి వెంకటరమణగారి వంటి మేటి రచయితలు సైత మీ నవలలు వ్రాసిరి. చూచిన చిత్రమును కోరినప్పుడు మరలఁ జూడ వీలులేని ఆ దినములలో, ఇంటఁ గూర్చుండి దానిని తిరిగి యనుభవించుటకు పుస్తకమే సాధనము.

విదేశములలో ఈ రచన మహావృక్షమైనది. నక్షత్రలోకముల యుద్ధముల గూర్చిన “స్టార్ వార్స్” చిత్రము 1977 మే 25వ తేదీన విడుదలయ్యెను; దాని నవల అంతకు ముందే, 1976 నవంబరులో అచ్చుపడెను. ముఖపత్రముపై దర్శకుఁడు జార్జి లూకాస్ పేరున్నను, వ్రాసినవాఁడు ఆలన్ డీన్ ఫాస్టర్. 1977లోనే మార్వెల్ సంస్థవారు బొమ్మల కథలు మొదలిడిరి. 1978లో ఫాస్టరే తెరపై లేని క్రొత్త కథ నొకదానిని నవలగా వ్రాసెను. పిదప మఱెందఱో రచయితలు ఆ పాత్రలకు పెండ్లిండ్లు చేసిరి, బిడ్డలను గల్పించిరి. 2012లో ఆ చిత్రసంస్థను డిస్నీవారు కొనిరి. 2014 ఏప్రిలులో, వెనుకటి నవలలును బొమ్మల కథలును అసలు కథలోనివి కావని ప్రకటించి, వానికి “లెజెండ్స్” అని వేఱు పేరు పెట్టిరి. వానిని చదివి పెరిగినవారికి నిన్నటి వఱకు నిజమైన కథ నేఁడు కాకపోయినది!

యజమాని కాదన్నంత మాత్రమున కథ చచ్చునా? మన యాలంకారికులు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూఁడు విధములుగాఁ జెప్పిరి. లోక మెఱిఁగిన కథ మొదటిది. కవి కల్పించినది రెండవది. రెండును గలిసినది మూఁడవది. ఈ పుస్తకములు మిశ్రములు. భాసుని “మధ్యమవ్యాయోగము”న భీముఁడును ఘటోత్కచుఁడును తారసిల్లిన తీరు వ్యాసుఁడు చెప్పినది కాదు. 1957లో వచ్చిన “మాయాబజార్”లోని శశిరేఖా పరిణయమును వ్యాసభారతమున లేదు. అయినను శశిరేఖను మన యిండ్లనుండి వెడలఁగొట్టఁగలవా రెవ్వరు? కథను నిలుపునది యజమాని ముద్ర కాదు, దాని గుణమే.

మన కాలమున “బాహుబలి” యిందుకు దృష్టాంతము. మొదటి చిత్రము 2015లోను, రెండవది 2017లోను వెలువడినవి. శివగామి రాజమాత కాకముందు ఎవరని చిత్రము చెప్పదు. ఆ లోటును ఆనంద్ నీలకంఠన్ 2017లో ప్రకటించిన నవల తీర్చినది. ఐదేండ్ల శివగామి కన్నుల యెదుట మాహిష్మతీరాజు ఆమె తండ్రిని ద్రోహియని చంపించును. ఆ రాజ్యమును నాశనము చేయుదునని ఆమె ప్రతిన పూనును. పదునేడేండ్ల వయస్సున ఆమెకు పైశాచీ భాషలో వ్రాసిన తాళపత్ర గ్రంథమొకటి లభించును. గుణాఢ్యుఁడు బృహత్కథను జెప్పిన భాష యదే! తెరపై సింహాసనముకడ నిలిచిన స్త్రీకి పుస్తకమున బాల్యమును, దుఃఖమును, పగయు గలిగినవి. కాని తెలుఁగు చిత్రమునఁ బుట్టిన యీ రాణి కథ మొదట ఇంగ్లీషుననే వెలువడినది. ఇది మనము తలపోయవలసిన విషయము.

భారతకథను విజ్ఞానకల్పనతోఁ గలిపిన “కల్కి 2898 ఏ.డి.” 2024 జూన్ 27న విడుదలయ్యెను. అశ్వత్థామ నాఁటికిని బ్రతికియుండుట దానిలోని కల్పన. దానికి ముందుగా “బుజ్జి అండ్ భైరవ” యను కదలు బొమ్మల కథ మే 31న వచ్చినది. బిడ్డలు దానిని ఫోనులోఁ జూచి యానందింతురు. కాని చూచుట వేఱు, చదువుట వేఱు. చదువునపుడు బుజ్జి రూపమును బిడ్డ తన మనస్సునఁ దానే గీచికొనవలెను.

కావున తల్లులు ఇట్టి పుస్తకమును కొనుటకు ముందు మూఁడు సంగతులు చూడవలెను. తెరపై లేనిది కొంతయైన నందున్నదా? చిత్రము చూడని బిడ్డకును కథ యర్థమగునా? భాష చక్కనిదా? ఈ మూఁడును గలదానిని నిస్సంకోచముగా నీయవచ్చును. బొమ్మలే తప్ప కథ లేనిదానిని విడువవచ్చును. అశ్వత్థామ యెవఁడని బిడ్డ యడిగిననాఁడు సౌప్తికపర్వపు కథను మనమే చెప్పవలెను. సినిమా తెఱచిన తలుపు గుండ బిడ్డను భారతములోనికిఁ గొనిపోవుట తల్లి చేతిలోని పని.