ఉపాధ్యాయునకు గ్రామమే గ్రంథాలయము



నేటి ప్రసంగ విషయము సాంఘికశాస్త్రోపాధ్యాయుని విద్యాభివృద్ధి. ఈ మాట వినగానే, ఇది ఉపాధ్యాయులకును విద్యాశాఖాధికారులకును సంబంధించిన సంగతి గదా, మాకేల యని మీలో కొందఱకు తోచవచ్చును. అట్లు కాదని విన్నవించుటయే నా యుద్దేశము. గణితము బోధించువానికి కావలసిన సామగ్రి చాలవఱకు పుస్తకములోనే కలదు. విజ్ఞానశాస్త్రము బోధించువానికి ప్రయోగశాల కలదు. సాంఘికశాస్త్రము బోధించువానికి మీ గ్రామమే ప్రయోగశాల, మీ గ్రామమే గ్రంథాలయము. దాని తాళపుచెవులు మీ చేతులలో నున్నవి.

సాంఘికశాస్త్రమనగా నేమి? చరిత్రము, భూగోళము, పౌరశాస్త్రము, అర్థశాస్త్రము, ఈ నాలుగింటిని కలిపి బాలురకు బోధించు పాఠమునకు ఈ పేరు కలిగినది. మనుష్యుడు ఎక్కడ నున్నాడు, ఎట్లు జీవించుచున్నాడు, ఎవరి యేలుబడిలో నుండెను, నేడు తన్ను తాను ఎట్లు ఏలుకొనుచున్నాడు అను ప్రశ్నలకు ఇందు సమాధానములు చెప్పవలసియున్నది. తక్కిన శాస్త్రములందు నిన్న నిజమైనది నేడును ప్రాయికముగా నిజమే. ఇందు అట్లు కాదు. జిల్లాల యెల్లలు మాఱును, చట్టములు మాఱును, క్రొత్త శాసనము దొరకి పాత చరిత్రమును సవరించును. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశము 2014లో రెండు రాష్ట్రములైనది. కావున ఈ పాఠము చెప్పువాడు తాను చదువుట మానినచో నాటినుండియే అతని బోధ పాతబడుట మొదలగును. స్వాధ్యాయమును ప్రవచనమును రెండింటిని విడువరాదని మన పెద్దలు గురువునకు విధించిన నియమము ఇందు కొఱకే.

ఉపాధ్యాయుని నేర్పును పెంచుటకు ప్రభుత్వమువారు చేసిన యేర్పాట్లు లేకపోలేదు. జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి 1961లో స్థాపింపబడినది. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొక విద్యాశిక్షణసంస్థ యేర్పడినది. వానినే మనము డైటులని పిలుచుచున్నాము. 2017లో దీక్ష యను పేర పాఠములను, శిక్షణక్రమములను చరవాణిలో చూచుకొను సాధనము వచ్చినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయుడును ఏటేట 50 గంటలకు తక్కువ కాకుండ వృత్తివిద్యను పెంపొందించుకొనవలెనని చెప్పినది. ఇవి యన్నియు మంచివే. కాని యొక్క సంగతి గమనింపుడు. ఈ శిక్షణము రాష్ట్రమున కంతటికి ఒక్కటే, పాఠ్యపుస్తకమును అందఱకు ఒక్కటే. అందు మీ యూరి చెఱువు లేదు, మీ గుడి ముందఱి శాసనము లేదు, మీ తాతలు చూచిన కఱవు లేదు. అవి యుండుటకు వీలును లేదు. ఆ కొఱతను తీర్పగలవారు మీరే.

శాస్త్రములందు స్థూలారుంధతీన్యాయమని యొకటి కలదు. వివాహమున పురోహితుడు వధువునకు అరుంధతిని చూపునపుడు మొదటనే ఆ సూక్ష్మనక్షత్రమును చూపడు. దాని చెంతనున్న పెద్ద చుక్కను చూపి, దృష్టి అచట నిలిచిన తరువాత, దాని ప్రక్కన చూడుమనును. బోధనకంతకు మూలసూత్ర మిదియే. ఎఱిగిన దానినుండి ఎఱుగని దానికి, దగ్గఱ దానినుండి దూరపు దానికి బాలుని కొనిపోవలెను. ఢిల్లీ సుల్తానులును, ఐరోపా విప్లవములును బాలునకు అరుంధతివంటివి. అతడు ప్రతిదినము చూచు చెఱువుకట్ట పెద్ద చుక్క. అయితే పరస్థలమునుండి మొన్ననే బదిలీయై వచ్చిన పంతులుగారికి ఆ చెఱువుకట్ట కథ యెట్లు తెలియును? ఎవరో యొకరు చెప్పవలెను గదా.

ఇక గ్రామమున నున్న సామగ్రిని గుఱించి చెప్పెదను.

మొదటిది శిలాశాసనము. నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతమున చందుపట్ల యను గ్రామము కలదు. కాకతీయ రుద్రమదేవి యెప్పుడు మరణించినదో పెద్ద గ్రంథములలో తేటపడలేదు. ఆ గ్రామమున దొరకిన చిన్న శాసనమొకటి ఆ సంగతిని బయలుపఱచినది. శకవర్షము 1211, అనగా 1289వ సంవత్సరమున, రుద్రమదేవికిని ఆమె సేనాని మల్లికార్జున నాయకునకును పుణ్యముగా పువ్వుల ముమ్మడి యను నతడు చేసిన భూదానము అందు చెప్పబడినది. దానినిబట్టి వారిరువురును అప్పటికే గతించిరని పండితులు నిర్ణయించిరి. ఒక మహారాజ్ఞి చరిత్రమునకు ముగింపు వ్రాసినది ఒక పల్లెలోని ఱాయి! ఆ ఱాతిని ఎవరైన పగులగొట్టి గోడలో పెట్టియున్నచో మన చరిత్రమున ఆ పుట నేటికిని ఖాళీగనే యుండెడిది.

గుంటూరు జిల్లాలోని మల్కాపురము శాసనము 1261 నాటిది. అందు ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యార్థులకు చదువు, అన్నసత్రము మున్నగువాని పోషణమునకు ఏర్పాట్లు చెప్పబడినవి. సముద్రతీరమందలి మోటుపల్లి శాసనము 1244 నాటిది. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును పూర్వరాజులు అపహరించెడివారనియు, తాను అట్లు చేయక నియతమైన సుంకము మాత్రమే గొందుననియు గణపతిదేవుడు వర్తకులకు అందు అభయ మిచ్చెను. ప్రభుత్వము ప్రజలకు చేయవలసిన పనులేవి, విదేశవ్యాపార మెట్లు వృద్ధియగును అను పాఠములకు ఇంతకంటె మేలైన యుదాహరణము లేవి? శాసనములందలి శకసంవత్సరమునకు 78 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తుశకము వచ్చును. ఈ చిన్న లెక్క ఐదవ తఱగతి బాలుడును చేయగలడు.

రెండవది గ్రామపు వ్రాతలు. కాలిన్ మెకంజీ యను దొర (1754-1821) ఏలూరికి చెందిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో ఊరూరి కథలను, దండకవిలెలను వ్రాయించి ప్రోవుచేయించెను. అవియే కైఫీయతులు. మీ యూరి కైఫీయతు వానిలో నుండవచ్చును. కైఫీయతు లేకున్నను, రెవెన్యూ శాఖలో డైగ్లాటు, అడంగలు, గ్రామపటము కలవు. తెలంగాణమున సేత్వారు, పహాణీ కలవు. 1984లో కరణీక మునసబీలు రద్దైన పిమ్మట కొందఱి యిండ్ల అటకలపై పాత కవిలెకట్టలు చెదలకు ఆహారమగుచున్నవి. ఏ పొలమున ఏ పంట పండెడిది, ఏ చెఱువుక్రింద ఎన్ని యెకరములు సాగయ్యెడివి అను సంగతులు అందు కలవు. 2011 జనాభా లెక్కలకు సంబంధించిన జిల్లా పుస్తకములలో ప్రతి గ్రామపు జనసంఖ్య, అక్షరాస్యులు, బడి, రోడ్డు, నీటివసతి వేఱువేఱుగా నీయబడినవి. నేటి లెక్కను నాటి కవిలె ప్రక్కన పెట్టినచో అర్థశాస్త్రపాఠము దానంతట అదియే పుట్టును.

మూడవది మీ జ్ఞాపకము. ఇది యన్నింటికంటె విలువైనది, అన్నింటికంటె త్వరగా నశించునది. 1832-33 నాటి నందన కఱవును, 1876-78 నాటి ధాత కఱవును చూచినవారు లేరు.  ఆ కథలలో చాలభాగము వారితోనే పోయినవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెన నాటికి పదునైదేండ్లవారు నేడు అఱువది దాటిరి. నీరెంత యెత్తున వచ్చెను, ఎవరు ఎవరిని కాపాడిరి, తరువాత ఊరెట్లు మఱల లేచెను అనునది వారి నోట విన్న బాలుడు తుపాను హెచ్చరికను ఎన్నడును తేలికగా తీసికొనడు. అది పాఠము మాత్రమే కాదు, ప్రాణరక్షణ.

ఇంత సామగ్రి యున్నను, దానిని వాడుట తెలియవలెను. ఒక్క చెఱువు పాఠమును చూతము. పంతులుగారు బాలురను కట్టపైకి కొనిపోవుదురు. తూమెక్కడ, అలుగెక్కడ, నీరు పాఱెడి కాలువలేవి అని బాలురు పటము గీయుదురు; అది భూగోళము. నీరుగంటివాడు వంతులు వేసి నీరెట్లు వదలెడివాడో పెద్దలు చెప్పుదురు, అది పౌరశాస్త్రము. ఆయకట్టు నాడెంత, నేడెంత, బోరుబావులు వచ్చిన పిమ్మట పంట యెట్లు మాఱెను, అది అర్థశాస్త్రము. ఈ చెఱువును త్రవ్వించిన దెవరు అను ప్రశ్న వచ్చును; అచటనుండి 1213 నాటి రామప్ప దేవాలయమునకును, ఆ చెఱువునకును, కాకతీయుల కాలమునకును దారి తెఱచుకొనును. ఆ దేవాలయము 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. పిమ్మట 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట వఱకు కథ సాగును. అరుంధతి కనబడినది.

ఇట్లు సేకరించిన దానినెల్ల సత్యమని గ్రహింపరాదు. ఇచటనే యుపాధ్యాయుని నిజమైన శిక్షణము కలదు. తర్కశాస్త్రము ప్రమాణములు నాలుగని చెప్పును: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. ఱాతిపై అక్షరమును కంట చూచుట ప్రత్యక్షము. పాటిమన్నులో పాత పెంకులు దొరకగా అచట ఊరుండెనని యూహించుట అనుమానము. ప్రక్కయూరి గుడితో పోల్చి కాలము నిర్ణయించుట ఉపమానమునకు దగ్గఱగా నుండును. పెద్దలు చెప్పినది శబ్దము. అయితే శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలెను, అనగా ఎఱిగినవాడును యథార్థమును పలుకువాడును కావలెను. ఊరి పేరునకు కట్టిన కథలు పెక్కులు తరువాత పుట్టినవే. ఒక కులమును హెచ్చించి వేఱొక కులమును తగ్గించుటకు అల్లిన కథలును కలవు. ఉపాధ్యాయుడు ఒకే సంగతిని మూడు వీథులలో మువ్వురను అడుగవలెను. అగ్రహారమున అడిగినది హరిజనవాడలోను అడుగవలెను. పురుషులనడిగినది స్త్రీలనును అడుగవలెను. అందఱి మాట కలిసినచోట సత్యమునకు చేరువైతిమని తలపవచ్చును. కలియనిచోట, కలియలేదని బాలురకు చెప్పుటయే సత్యబోధ. ఇట్లు పరీక్షింప నేర్చిన బాలుడు పెద్దవాడైన తరువాత చరవాణిలో వచ్చిన ప్రతి వదంతిని నమ్మి ప్రక్కవానిపై చేయి యెత్తడు.

ఇక మీరు చేయదగిన పనులు. ఇవి ఖర్చుతో కూడినవి కావు.

మొదట, క్రొత్తగా వచ్చిన యుపాధ్యాయునకు గ్రామమును చూపుడు. ఒక యాదివారము పూట పెద్దలొకరు వెంట నడచి పొలిమేర, చెఱువు, పాత గుడి, మసీదు, చర్చి, పాటిదిబ్బ, సంతబయలు చూపినచో నెలదినముల శిక్షణముతో సమానము.

రెండవది, శాసనములను కాపాడుడు. వ్రాతగల ఱాతికి సున్నము పూయవలదు, రంగు వేయవలదు, దానిపై కత్తులు నూఱవలదు, పశువులను కట్టవలదు. గుడి జీర్ణోద్ధారణ పేర పాతఱాళ్లను పాఱవేయవలదు. ఉదయమునగాని సాయంకాలమునగాని ఏటవాలు వెలుగు పడునపుడు ఛాయాచిత్రము తీసినచో అక్షరములు తేటగా కనబడును. ఆ చిత్రమును పురావస్తు శాఖవారికి పంపుడు. శాసనమున నిధి జాడ యుండునను భ్రమతో త్రవ్వుట నేరము, అంతకంటె అవివేకము.

మూడవది, మీ యింట పాత కవిలెలు, తాళపత్రములు, దస్తావేజులున్నచో వానిని తూకమునకు అమ్మక, పంతులుగారిని పిలిచి చూపుడు. కాగితము మీ యొద్దనే యుండవచ్చును. నకలు బడికి చేరిన చాలును.

నాల్గవది, గ్రామసభ జరుగునాడు పై తఱగతుల బాలబాలికలను ఒక ప్రక్కన కూర్చుండనిండు. 1993లో అమలునకు వచ్చిన డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణము గ్రామసభకు గౌరవస్థాన మిచ్చినది. పుస్తకమున పది పుటలు చదివినదానికంటె, పెద్దలు కోపింపక వాదించి యొక నిర్ణయమునకు వచ్చుట కన్నులార చూచిన బాలుడు ప్రజాస్వామ్యమును బాగుగ గ్రహించును. పెద్దలు కలహించినచో దానినిగూడ గ్రహించును. కావున జాగ్రత్త మీది.

ఐదవది, ఉపాధ్యాయునకు చదువుకొనుటకు తీఱిక కల్పింపుడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప విద్యేతరమైన పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదని చెప్పుచున్నది. అదే చట్టము ప్రకారము పాఠశాలా యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను, సభ్యులలో సగము స్త్రీలు కావలెను. ఆ సంఘసమావేశమున గోడలను, మరుగుదొడ్లను గుఱించి మాటలాడుట యవసరమే. దానితోపాటు, మా పంతులుగారికి ఏ పుస్తకములు కావలెను, ఏ పటములు కావలెను, ఏ శిక్షణమునకు పోవలెను అనియు అడుగుడు. అడుగువారున్న యూరిలో ఉపాధ్యాయుడు అలసుడు కాడు.

తన యూరికి చరిత్ర లేదని తలచు బాలుడు, చరిత్రమంతయు ఎవరో రాజులకు, ఎక్కడి రాజధానులలోనో జరిగినదని తలచును. తనకు చేయదగిన పనియేదియు లేదని భావించును. తన తాత త్రవ్విన కాలువను, తన యవ్వ దాటిన యుప్పెనను పాఠముగా చదివిన బాలుడు తానును చరిత్రమున నొక పాత్రయని యెఱుగును. ఆ యెఱుక కలిగించుట పంతులుగారి పని. అందులకు కావలసిన సరకు నిచ్చుట మీ పని. మీలో డెబ్బది దాటినవారు ఈ వారమే ఒక సాయంకాలము పంతులుగారిని మీ యఱుగుమీదికి పిలువుడు. ఆయన వ్రాసికొనుటకు ఒక పుస్తకమును వెంట తెచ్చుకొనును.