కృష్ణాతీరమున అమ్మవారి సన్నిధులు

యాత్ర యనగా మన పెద్దల దృష్టిలో దైవదర్శన మొక్కటియే కాదు. ముందు నదీస్నానము, పిమ్మట దర్శనము. "తీర్థము" అను మాటకు నదిని దాటుటకు వీలైన రేవు అని అర్థము. రేవు దొరకిన చోట బాటలు కలిసినవి, ఊరు వెలసినది, ఊరిని కాచు తల్లికి గుడి లేచినది. మహాబలేశ్వరపు కొండలలో పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, హంసలదీవి కడ సముద్రమును చేరు కృష్ణానది వెంట ఇట్టి క్షేత్రములు పెక్కు గలవు. వానిలో మూడింటిని గూర్చి ముచ్చటింతము.

మొదటిది అలంపురము. ఇది తుంగభద్ర యొడ్డున, ఆ నది కృష్ణలో కలియు తావునకు చేరువగా నున్నది. బాదామి చాళుక్యుల కాలమున, 7, 8 శతాబ్దులలో, వెలసిన నవబ్రహ్మాలయము లిచట గలవు. పేర్లు బ్రహ్మవే యైనను అన్నియు శివాలయములే. అష్టాదశ శక్తిపీఠములలో ఐదవదిగా లెక్కింపబడు జోగులాంబ గుడి 14వ శతాబ్దిలో ధ్వంసమైనదని చెప్పుదురు. అటుపిమ్మట అమ్మవారు బాలబ్రహ్మాలయములోనే శతాబ్దుల తరబడి పూజ లందుకొన్నది. 2005లో ఆమెకు మరల సొంత గుడి ఏర్పడినది. అమ్మ ఉగ్రమూర్తి యని భక్తుల నమ్మకము. కనుకనే చల్లదనమునకై గుడి చుట్టును నీరు నిలిపినారు.

ఆ నీరే మరియొక కథ చెప్పును. శ్రీశైలము ఆనకట్ట వెనుక జలాశయము నిండినప్పుడు సంగమస్థానమైన కూడవెల్లితో పాటు ఎన్నో గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి, అలంపురమున తిరిగి నిలబెట్టినారు. గుడిని తరలింపగలిగిరి గాని, రెండు నదులు కలియు రేవును తరలించుట యెవరి తరము?

రెండవది శ్రీశైలము. జ్యోతిర్లింగమును శక్తిపీఠమును ఒకేచోట గల క్షేత్రమిది. రెండుకాళ్ల ప్రాణిచేత గాని, నాలుగుకాళ్ల ప్రాణిచేత గాని చావు లేని వరము పొందిన అరుణాసురుని, ఆరుకాళ్ల తుమ్మెదలను సృష్టించి దేవి సంహరించినదట. అందుచే ఆమె భ్రమరాంబ. గర్భాలయము వెనుక గోడకు చెవి యాన్చి తుమ్మెదల ఝంకారము వినగోరు భక్తులు నేటికిని గలరు. ఇక్కడి అడవులలోని చెంచులకు మల్లన్న అల్లుడు. 1677లో ఛత్రపతి శివాజీ ఈ క్షేత్రమును దర్శించెను. కొండ దిగువ కృష్ణకే పాతాళగంగ యని పేరు. అక్కడికి పూర్వము మెట్లే దారి. నేడు రోప్‌వే కూడ కలదు.

మూడవది విజయవాడ ఇంద్రకీలాద్రి. దసరాలలో కనకదుర్గమ్మకు దినమున కొక అలంకారము; మూలా నక్షత్రమునాడు సరస్వతీ రూపము. విజయదశమి సాయంకాలము హంసవాహనముపై కృష్ణలో తెప్పోత్సవము జరుపుదురు. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి వలన కొండ పాదమున నీరు నిలుచుచున్నది. అయినను పైనుండి వరద ఉద్ధృతముగా వచ్చిన యేండ్లలో తెప్పను నదిలో త్రిప్పక, ఒడ్డుననే నిలిపి పూజ జరుపుదురు. ఉత్సవము మనదైనను, అనుమతి నదిదే.

బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు వచ్చు కృష్ణా పుష్కరములు 2016లో జరిగినవి. మరల 2028లో రానున్నవి. స్నానము చేయు నీరు మలినమైనచో తీర్థమునకు అర్థమేమి? సబ్బునురుగును, విడిచిన బట్టలను, ప్లాస్టిక్ సంచులను నదిలో వదలకుండుట కూడ అమ్మవారి పూజయే. రాయిని మరల పేర్చవచ్చును. చెడిన నదిని పేర్చుట సాధ్యము కాదు.