రైతు రసీదులకు బాతిక్ గుడ్డసంచి

విత్తనము మొలవనినాడు రైతునకు దిక్కు రసీదు. కొన్న అంగడి పేరు, తేది, లాటు సంఖ్య గల కాగితము చేత లేనిచో, అధికారుల యెదుట ఎంత మొరపెట్టుకొనినను నష్టపరిహారపు అర్జీకి బలము చాలదు. అయినను ఆ కాగితము చూరులోనో, చొక్కాజేబులోనో పడియుండి కోతలనాటికి కనబడకుండ పోవుట మేము గ్రామగ్రామమున చూచుచున్నాము. అందుచేత కుట్టుమిషను గల యింట ఒక పూటలో కుట్టుకొనదగిన చిన్న జిప్పుసంచిని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

రంగుగుడ్డ యెందుకని కొందరడుగవచ్చును. ఖాకీసంచి పది సామానుల నడుమ కనబడదు. రంగుల సంచిని ఇంటిలోని పిల్లవాడు సహితము వెదకి తేగలడు.

బాతిక్ అనునది జావాద్వీపమున పేరెన్నిక గన్న అద్దకము. కరగిన మైనమును చాంతింగ్ అను చిన్న రాగిగిన్నె గల కలముతో గాని, చాప్ అను రాగి అచ్చుతో గాని గుడ్డపై పెట్టి రంగులో ముంచుదురు. మైనమున్నచోట రంగు పట్టదు. పిమ్మట వేడినీటిలో మైనమును తీసివేయుదురు. 2009లో యునెస్కో సంస్థ ఇండోనేషియా బాతిక్‌ను మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. బాతిక్ దొరకనిచో మన మచిలీపట్టణపు అచ్చు కలంకారీ ముక్కయైనను ఈ పనికి చాలును.

గుడ్డను ముందుగా విడిగా ఉతికి, నీరు తేటపడువరకు జాడింపవలెను. లేనిచో రంగు కాగితముల కంటును. మైనపు జిగట మిగిలియున్నచో పాతకాగితముల నడుమ నుంచి ఇస్త్రీ చేసిన కాగితము దానిని పీల్చుకొనును.

బాతిక్ ముక్కలు రెండు, సాదా నూలు అస్తరు ముక్కలు రెండు, ఒక్కొక్కటి 9 అంగుళముల వెడల్పు, 7 అంగుళముల ఎత్తున కత్తిరింపవలెను. 9 అంగుళముల నైలాను జిప్పు కావలెను. లోహపు పండ్ల జిప్పు సూదిని విరుచును. చుట్టనుండి కోసిన జిప్పైనచో, రన్నరు జారకుండ రెండు కొసలను అడ్డముగా నాలుగేసి కుట్లు వేయవలెను.

బాతిక్ ముక్క పైవైపు మీదికుండునట్లు పరచి, దాని పైయంచున జిప్పును బోర్లించి, దానిపై అస్తరును బోర్లించి, మూడింటిని గుండుసూదులతో బిగించి పావు అంగుళము లోపల కుట్టవలెను. రన్నరు అడ్డువచ్చినచోట సూదిని గుడ్డలోనే దింపియుంచి, పాదమునెత్తి, రన్నరును ప్రక్కకు జరుపవలెను. రెండవ ప్రక్కను నిట్లే కుట్టి, గుడ్డలను వెనుకకు మడచి, జిప్పు వెంబడి పైకుట్టు వేసినచో అస్తరు పండ్లలో చిక్కుకొనదు. నైలాను కరగును గనుక వేడి ఇస్త్రీని జిప్పుపై పెట్టరాదు.

ఇప్పుడు జిప్పును సగము తెరువవలెను. దీనిని మరచినచో సంచి తిరుగదు. బాతిక్‌కు బాతిక్‌ను, అస్తరునకు అస్తరును ఎదురెదురుగా జతచేసి, అస్తరు అడుగున 3 అంగుళములు విడిచి, చుట్టును కుట్టవలెను. మూలలను కొంచెము కత్తిరించి, ఆ సందునుండి సంచిని వెలికి త్రిప్పి, సందును కుట్టి, అస్తరును లోనికి నెట్టిన పని ముగియును.

నూలుసంచి నీటికాగదు, కావున కాగితములను ముందు ప్లాస్టిక్ కవరులో పెట్టవలెను. యంత్రము ముద్రించు నున్నని రసీదులలో అక్షరములు వేడికి మాసిపోవును గనుక వానికి నకలు తీయించి చేర్పవలెను. విత్తన రసీదును, ఖాళీ ప్యాకెట్టును పంట ఇల్లు చేరువరకు పారవేయరాదు. సంఘమునకు అప్పు చెల్లించిన రసీదులును, పాసుపుస్తకమును ఇందే యుండవలెను. సంచి ఎక్కడ వ్రేలాడునో ఇంటిల్లిపాదికి తెలియవలెను. యజమాని ఊరలేనినాడును ఆ కాగితముతో పని పడవచ్చును.