బాయిలర్ ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

చిట్టితల్లీ, బాయిలర్ మళ్ళీ ఆగిపోయిందనీ, రీసెట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదనీ ఫోనులో చెప్పావు. ముందు ఆ బటన్ జోలికి వెళ్ళడం మానెయ్యమ్మా. ఒకసారి నొక్కి చూడడంలో తప్పులేదు. మళ్ళీ ఆగిందంటే లోపల ఏదో తేడా కనిపెట్టే ఆగిందన్నమాట. ఇంతకు మించి వెళితే ప్రమాదం అనుకున్న చోటల్లా ఆగిపోయేలా దాన్ని తయారుచేశారు. కాబట్టి ఎందుకు ఆగిందో తెలియాలంటే, ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడాలి.

ఇంగ్లండులో మీలాంటి వాళ్ళ అద్దె ఇళ్ళలో ఎక్కువగా ఉండేది కాంబి బాయిలర్. కుళాయికి వేణ్ణీళ్ళూ, గదుల్లో రేడియేటర్లకు వేడీ అదొక్కటే ఇస్తుంది. గది వెచ్చబడాలని థర్మోస్టాట్ అడగగానే పంపు తిరుగుతుంది. తర్వాత ఫ్యాన్ మొదలై, లోపల గ్యాస్ ఏమన్నా మిగిలి ఉంటే బయటికి నెట్టేస్తుంది. అప్పుడు గానీ స్పార్క్ టకటకమనదు, గ్యాస్ వాల్వు తెరుచుకోదు. మంట అంటుకున్నాక, అది నిలిచిందా లేదా అని చూసుకుంటుంది. దగ్గర నిలబడి చెవి పెడితే ఇవన్నీ వరసగా వినిపిస్తాయి. ఫ్యాన్ తిరిగి స్పార్క్ రాలేదా, స్పార్క్ వచ్చి మంట రాలేదా, మంట వచ్చి వెంటనే ఆరిందా? అనుభవమున్న మెకానిక్‌కి ఈ వరస వింటేనే సగం సంగతి తెలిసిపోతుంది.

మంట ఉందో లేదో యంత్రానికి ఎలా తెలుస్తుందంటావా? నాకు చాలా ఇష్టమైన ముచ్చట ఇది. మంటలో అణువులు విడిపోయి, విద్యుదావేశం ఉన్న అయాన్లు పుడతాయి. అందుకే మంట గుండా కరెంటు పోతుంది! బర్నర్ ఎదురుగా ఒక సన్నటి లోహపు కడ్డీ పెట్టి, దానికి ఏసీ కరెంటు ఇస్తారు. కడ్డీ చిన్నది, బర్నర్ పెద్దది. అందువల్ల మంట ఆ కరెంటును ఒక దిశలో ఎక్కువగానూ, రెండో దిశలో తక్కువగానూ పోనిస్తుంది. అలా ఏసీలోంచి కాస్త డీసీ తయారవుతుంది. అది మైక్రోఆంపియర్లలో, అంటే ఆంపియర్‌లో పదిలక్షల వంతుల్లో ఉంటుంది. ఆ రవ్వంత డీసీ వస్తున్నంతసేపే గ్యాస్ వాల్వు తెరిచి ఉంటుంది. కడ్డీ పొరపాటున బర్నర్‌కి తగిలి షార్టయినా యంత్రం మోసపోదు. షార్టయితే వచ్చేది ఏసీయే. డీసీ రావాలంటే మంట ఉండి తీరాలి. ఇంత చిన్న కడ్డీతో ఇంత పెద్ద భద్రత సాధించిన వాళ్ళను తలుచుకుంటే నాకు నిజంగా చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వాడగా వాడగా ఆ కడ్డీ మీద ఒక పొర పేరుకుంటుంది. మంట చక్కగా ఉన్నా ఆ డీసీ చాలినంత రాదు. వెలిగి ఆరి, వెలిగి ఆరి, చివరికి లాక్ అయిపోతుంది. సర్వీసింగ్‌లో దాన్ని శుభ్రం చేస్తారు, లేదా మార్చేస్తారు.

ఇక ప్రెషర్ సంగతి. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు గేజ్ ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. వారం వారం అది సున్నాకి పడిపోతుంటే ఎక్కడో పైపు కారుతోందని అందరూ నేల తడిమి చూస్తారు. చాలాసార్లు నేలంతా పొడిగానే ఉంటుంది. ఎందుకో చెబుతాను విను. నీళ్ళను 10 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడి చేస్తే దాదాపు 3 శాతం వ్యాకోచిస్తాయి. పైపులు, రేడియేటర్లు అన్నీ మూసి ఉన్న వలయం కదా, ఆ పెరిగిన నీళ్ళు ఎక్కడికి పోవాలి? వాటికోసం ఒక ఉక్కు డబ్బా పెట్టారు. మధ్యలో రబ్బరు పొర, దానికి ఒకపక్క నీళ్ళు, ఇంకోపక్క గాలి. నీళ్ళు నొక్కితే నొక్కుకుపోవు, గాలి నొక్కుకుపోతుంది. ఏళ్ళు గడిచి ఆ గాలి కాస్తా తగ్గిపోయిందనుకో. బాయిలర్ వేడెక్కగానే ముల్లు 3 బార్‌కి ఎగబాకుతుంది, సేఫ్టీ వాల్వు తెరుచుకుని నీళ్ళను ఇంటి బయటి గోడకున్న గొట్టంలోంచి వదిలేస్తుంది. చల్లారాక చూస్తే ముల్లు సున్నా! మెకానిక్ వచ్చి, నీళ్ళ వైపు ప్రెషర్ పూర్తిగా తీసేసి, కారు టైర్లకు వాడే గేజ్‌నే ఆ డబ్బా వాల్వుకి పెట్టి గాలి చూస్తాడు. వాల్వు పిన్ను నొక్కినప్పుడు గాలికి బదులు నీళ్ళు చిమ్మితే రబ్బరు చిరిగిందని అర్థం.

చలికాలంలో వచ్చే ఇబ్బంది ఇంకొకటి ఉంది. మీకు వచ్చే గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. ఒక కిలో మీథేన్ మండితే రెండుంబావు కిలోల నీరు పుడుతుంది, ఆవిరి రూపంలో. ఉడికే అన్నం మీది మూతకు లోపల చెమ్మ పట్టినట్టు, ఆ ఆవిరిని చల్లబరిచి నీరుగా మార్చి, అందులో దాగిన వేడిని కూడా రాబడతాయి ఇప్పటి బాయిలర్లు. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్ళు 55 డిగ్రీల లోపు ఉంటేనే అది సరిగ్గా జరుగుతుంది. అందుకే వేడి మరీ ఎక్కువ పెట్టుకోవద్దంటాను, గ్యాస్ బిల్లు కూడా తగ్గుతుంది. ఆ వచ్చే నీరు కాస్త ఆమ్ల గుణం కలది, అందుకని ప్లాస్టిక్ గొట్టంలో పంపిస్తారు. గడ్డకట్టే చలిలో బయట ఉన్న గొట్టం మూసుకుపోయి, నీరు వెనక్కి ఎదురుతంతే బాయిలర్ గుడగుడమని ఆగిపోతుంది. 2010 డిసెంబరు చలికి బ్రిటన్‌లో ఎన్నో ఇళ్ళు ఇలాగే వణికాయి. ఆ గొట్టం నేల మీద నుంచి చేతికందేంత ఎత్తులో ఉంటే గోరువెచ్చటి నీళ్ళు పొయ్యి. సలసల కాగే నీళ్ళు మాత్రం వద్దు.

గేజ్ చూడడం, గొట్టంలో గడ్డకట్టిన నీటిని కరిగించడం వరకే నీ పని. మూత మాత్రం విప్పకు. గ్యాస్ పనికి అక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళే రావాలి. కార్డు అడిగి, వెనక్కి తిప్పి చూడు. ఏ పనికి అర్హత ఉందో అక్కడే రాసుంటుంది. గాలి చాలక గ్యాస్ సరిగ్గా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మన దగ్గర తలుపులు మూసిన బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్లు ప్రాణాలు తీసిందీ ఇదే. పొగ గొట్టంలో ఎనలైజర్ పెట్టి ఈ వాయువు ఎంతుందో కొలవని సర్వీసింగ్‌ను నేను సర్వీసింగ్ అనను.

ఇంటి ఓనరు ఏడాదికోసారి గ్యాస్ భద్రత తనిఖీ చేయించి, 28 రోజుల్లోగా నీకు కాపీ ఇవ్వాలని అక్కడి చట్టం. అది నీకు అందకపోతే ఈరోజే అడుగు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, మోగుతోందా అన్నది కూడా ఈరోజే నొక్కి చూడు.