పాలు పడలేదన్న మాట

గత నెలలో గుంటూరులోని మా బంధువుల ఇంటికి పసిబిడ్డను చూడటానికి వెళ్ళాను. ఆపరేషన్ జరిగి అయిదో రోజు. గదినిండా ఆడవాళ్ళే. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "పిల్లకు పాలు పడలేదు, డబ్బా తెప్పించండి" అంటున్నారు. ఆ అమ్మాయి ముఖం గోడవైపు తిప్పుకుంటోంది. అందరూ వెళ్ళిపోయిన తరువాత ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఖాలా, బిడ్డ నోరు పెట్టిందంటే ప్రాణం పోయినట్లుంటోంది. చనుమొనలు పగిలి రక్తం వస్తోంది. చెబితే నువ్వొక తల్లివేనా అంటారని ఎవరికీ చెప్పలేదు" అంది.

పాలివ్వటంలో నొప్పి చాలామంది బాలింతలు ఎరిగినదే. దాన్ని దాచుకోవలసి రావటం మాత్రం మన ఇళ్ళు వారికి విధిస్తున్న శిక్ష.

ముందు ఆ "పాలు పడలేదు" అనే తీర్పు సంగతి చూద్దాం. మొదటి రోజున బిడ్డకు కావలసింది కొద్ది చెంచాల ముర్రుపాలు మాత్రమే. పసుపుపచ్చగా, చిక్కగా ఉండే ఆ పాలు చుక్కలు చుక్కలుగానే వస్తాయి. రొమ్ములు నిండి పాలు ధారగా రావటానికి సాధారణంగా మూడు, నాలుగు రోజులు పడుతుంది. ఆపరేషన్ అయిన తల్లికి మరికొంత ఆలస్యం కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. పుట్టిన గంటలోగా తల్లిపాలు అందిన శిశువులు దేశం మొత్తం మీద నూటికి 42 మందే. కాబట్టి ఆలస్యం ఆ అమ్మాయి ఒక్కదాని లోపం కాదు.

బిడ్డ ఏడుపును బట్టి పాలను కొలవరాదు. వారం నాటికి బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తున్నా, పుట్టినప్పటి బరువు రెండు వారాల్లోగా తిరిగి వచ్చినా పాలు చాలుతున్నట్లే. బిడ్డ ఎంత చీకితే అంత పాలు ఊరటం అల్లాహ్ ఏర్పరచిన నియమం. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు. పట్టకపోతే పాలు తగ్గుతాయి. మొదట తప్పుగా అన్న మాటే పది రోజుల్లో నిజమై కూర్చుంటుంది. పాలడబ్బాల ప్రకటనలను మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. పరామర్శకు వచ్చే వారి నోటికి మాత్రం ఏ చట్టమూ వర్తించదు!

ఇక నొప్పి. దానికి కారణం చాలాసార్లు బిడ్డ రొమ్ము పట్టే తీరులోనే ఉంటుంది. చనుమొనను మాత్రమే పట్టుకొని లాగితే పుండు పడుతుంది. బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, మొన చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోటిలోకి వెళ్ళేలా దగ్గరకు తీసుకోవాలి. గడ్డం రొమ్మును తాకాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి. ఇది పుట్టుకతో వచ్చే విద్య కాదు, ఒకరు పక్కన కూర్చొని చూపించాలి. రొమ్ము ఎర్రబడి, గట్టిపడి, జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. పాలివ్వటం మానితే పాలు నిలిచి బాధ పెరుగుతుంది. సాధారణంగా మందులు వాడుతూనే పాలివ్వవచ్చు.

దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలోని 233వ ఆయతు మనకందరికీ తెలుసు. రెండేళ్ళ పాలగడువు గురించిన మాటను బాలింతలకు మనం తప్పక గుర్తు చేస్తాము. అదే ఆయతులో ఆ తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత అని ఉంది. బిడ్డ కారణంగా తల్లి కష్టపెట్టబడరాదని, తండ్రి కూడా కష్టపెట్టబడరాదని ఉంది. పాలు మాన్పించటం ఇద్దరి సమ్మతితో, సంప్రదింపుతో జరగాలని, వేరొకరి చేత పాలు ఇప్పించినా తప్పు లేదని ఉంది. ఈ మాటలు ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. పాలిచ్చే తల్లికి తన విషయంలో గాని, బిడ్డ విషయంలో గాని భయముంటే రమజాను ఉపవాసాలు ప్రస్తుతానికి మానే వెసులుబాటు ఇచ్చిన ధర్మం మనది.

నిజంగానే పాలు చాలని తల్లులు కూడా ఉన్నారు. కాన్పులో అధిక రక్తస్రావమైనవారు, థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, రొమ్ముకు శస్త్రచికిత్స జరిగినవారు అలాంటివారే. వైద్యుల సలహాపై ఉగ్గుగిన్నెతో పోతపాలు పట్టే ఆ తల్లి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. మన ప్రియప్రవక్త (స) హజ్రత్ హలీమా (ర) పాలు త్రాగి పెరిగిన సంగతి మరచిపోరాదు. అయితే పొరుగింటి తల్లి పాలు పట్టిస్తే పాలబంధుత్వం ఏర్పడుతుంది గనుక, ఆ తల్లి పేరును రెండు కుటుంబాలూ వ్రాసి ఉంచుకోవాలి. తేనె మాత్రం ఏడాది నిండేవరకు నాకించవద్దు. అందులో ఉండగల క్రిములు పసికందు ప్రాణానికే ముప్పు తేవచ్చు.

ఆ సాయంత్రం నేను అబ్బాయిని పక్కకు పిలిచి ఉన్నదంతా చెప్పాను. అతడు కాసేపు మాట్లాడలేదు. "నొప్పి అని నాతో కూడా అనలేదే" అన్నాడు. మరునాడు భార్యను తీసుకుని ఆసుపత్రికి వెళ్ళి, బిడ్డను పట్టుకునే తీరు నర్సు చేత చూపించుకున్నాడు. పరామర్శలన్నీ అఖీఖా రోజుకు వాయిదా వేయించాడు. రాత్రిపూట గుడ్డలు మార్చటం, బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించటం తన పని చేసుకున్నాడు. మూడు వారాల తరువాత ఆమె ఫోను చేసింది. కుడివైపు పుండు మానిందట, ఎడమవైపు ఇంకా కొంచెం ఉందట. డాక్టరు చెప్పినట్లు రాత్రి ఒక్కపూట ఉగ్గుగిన్నెతో పోతపాలు పడుతున్నారట. "అత్తమ్మే పడుతోంది ఖాలా, నేను నిద్రపోతున్నాను" అంది.