ఇంజను ఆపుకుని సాగే ప్రయాణం

అంతరిక్ష నౌక అనగానే నిప్పులు కక్కుకుంటూ దూసుకుపోయే బొమ్మే మనకు గుర్తొస్తుంది. నిజానికి గ్రహాల మధ్య దారిలో పెద్ద ఇంజను దాదాపు ఎప్పుడూ ఆగే ఉంటుంది. అంగారకుడి దగ్గరికి వెళ్లిన మన మంగళయాన్‌నే చూడండి. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి లేచింది. డిసెంబర్ 1న 22 నిమిషాలపాటు ఇంజను మండించుకుని భూమిని వదిలింది. ఆ తర్వాత సుమారు 300 రోజులు ఆ ఇంజను ముట్టించిందే లేదు. చిన్నచిన్న సవరింపులకు బుల్లి థ్రస్టర్లు సరిపోయాయి. మిగతా దారంతా తానూ ఒక గ్రహంలా సూర్యుడి చుట్టూ తిరుగుతూ పోవడమే.

గురిపెట్టాల్సింది ఇప్పుడు అంగారకుడు ఉన్న చోటికి కాదు, నౌక చేరేనాటికి ఉండబోయే చోటికి. ఆ లెక్క కుదిరే ముహూర్తం 26 నెలలకోసారే వస్తుంది. తక్కువ ఇంధనంతో సాగే ఈ దీర్ఘవృత్తపు దారిని జర్మన్ ఇంజనీరు వాల్టర్ హోమాన్ 1925లోనే తన పుస్తకంలో లెక్కకట్టి చూపాడు. అప్పటికి ఏ రాకెట్టూ అంతరిక్షం ముఖం చూడలేదు!

అంగారకుడి దగ్గరికి వెళ్లడంకన్నా సూర్యుడి దగ్గరికి వెళ్లడమే కష్టం. భూమితోపాటు మనమంతా సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ పరుగెడుతున్నాం. ఆ వేగం చాలావరకు తగ్గించుకుంటేనే లోపలికి జారగలం. అందుకే సూర్యుణ్ని పరిశీలించే పార్కర్ నౌక ఏడుసార్లు శుక్రుడి పక్కనుంచి వెళ్లి వేగం వదిలించుకుంది. 2024 డిసెంబర్ 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దూరందాకా చేరింది.

వేగం పెంచుకోవడానికీ గ్రహాలే దిక్కు. గురుడి వైపు బయల్దేరిన జూనో, రెండేళ్ల తర్వాత మళ్లీ భూమి దగ్గరికే వచ్చింది. 2013 అక్టోబర్ 9న 559 కిలోమీటర్ల ఎత్తునుంచి దాటిపోతూ సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగం సంపాదించుకుంది. అది ఊరికే రాలేదు, భూమి వేగంలోంచి వచ్చిందే. కానీ భూమి ఎంత పెద్దదంటే, ఆ తగ్గుదల ఏ కొలతకూ అందదు.

ఇంజను ఆపకుండా సాగే నౌకలూ లేకపోలేదు. డాన్ నౌక అయాన్ ఇంజను తోపు ఎంతో తెలుసా? అరచేతిలో పెట్టుకున్న ఒక కాగితం బరువంత. కాకపోతే ఏళ్లతరబడి తోస్తూనే వచ్చింది. అలాగే గ్రహశకలాల పట్టీలోని వెస్టానూ, సెరిస్‌నూ చుట్టి చూసింది.

బయల్దేరడంకన్నా ఆగడం గండం. అంగారకుడి గురుత్వానికి చిక్కేలా వేగం తగ్గించకపోతే నౌక పక్కనుంచి జారిపోతుంది. అన్నాళ్లూ చల్లబడి ఉన్న మంగళయాన్ ఇంజను వెలుగుతుందా? 2014 సెప్టెంబర్ 22న నాలుగు సెకన్లు ముట్టించి చూశారు. వెలిగింది. 24వ తేదీ పొద్దున 7.17కి అసలు మంట మొదలైంది. కాసేపటికే నౌక అంగారకుడి చాటుకు వెళ్లిపోయింది. భూమినుంచి కబురు చేరడానికే 12 నిమిషాలు పడుతుంది కనక చేయాల్సినవన్నీ ముందే దానికి ఎక్కించి ఉంచారు. ఇంజను సుమారు 23 నిమిషాలు మండి తనంతట తనే ఆగింది. చాటునుంచి నౌక బయటికొచ్చి సంకేతం పంపాకే బెంగళూరు నియంత్రణ కేంద్రంలో చప్పట్లు మోగాయి.

జపాన్ వారి అకత్సుకి నౌకకు ఆ అదృష్టం తొలిసారి దక్కలేదు. 2010 డిసెంబర్ 7న శుక్రుడి దగ్గర దాని పెద్ద ఇంజను మధ్యలోనే ఆగిపోయింది. నౌక జారిపోయి సూర్యుడి చుట్టూ తిరిగింది. దాన్ని వదిలేయలేదు ఆ ఇంజనీర్లు. దిశ తిప్పుకోవడానికి పెట్టిన చిన్న థ్రస్టర్లనే 20 నిమిషాలపాటు మండించి శుక్రుడి కక్ష్యలోకి చేర్చారు. అది 2015 డిసెంబర్ 7, సరిగ్గా అయిదేళ్లకు.