ఒకే పదం, విరుద్ధార్థాలు

భారతీయ పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఆంగ్లంలో ఒక అభ్యర్థన అచ్చై ఉంటుంది. పాస్‌పోర్టు గల వ్యక్తిని ‘లెట్ ఆర్ హిండ్రన్స్’ లేకుండా సాగిపోనివ్వాలన్నది దాని సారాంశం. ‘లెట్’ అంటే అనుమతించడమని బడిలో నేర్చుకున్నవారికి ఇది వింతగా తోస్తుంది. ఇక్కడ ఆ పదానికి ‘అడ్డంకి’ అని అర్థం. టెన్నిస్‌లో సర్వ్ చేసిన బంతి నెట్‌ను తాకి సరైన గడిలోనే పడితే ‘లెట్’ అని ప్రకటించి మళ్లీ సర్వ్ చేయించడం కూడా ఈ అర్థంలోనే. ఇటువంటి పదాలను ఆంగ్లంలో ‘కాంట్రోనిమ్‌లు’ అంటారు.

ఇవి ఏర్పడే మార్గాలు ప్రధానంగా మూడు. మొదటిది, వేర్వేరు పదాలు కాలక్రమంలో ఒకే రూపానికి చేరడం. ప్రాచీన ఆంగ్లంలో అనుమతికి ‘లేటన్’, అడ్డగింతకు ‘లెట్టన్’ అనే రెండు క్రియలుండేవి. పదాంతాలు అరిగిపోగా రెండూ ‘లెట్’ అయ్యాయి. చీల్చడం, అంటిపెట్టుకోవడం అనే రెండర్థాలున్న ‘క్లీవ్’ చరిత్ర కూడా ఇదే.

రెండవది, ఒకే పదం రెండుగా చీలడం. ‘శాంక్షన్’కు మూలమైన లాటిన్ పదం శాసనాన్ని పవిత్రంగా స్థిరపరచడాన్ని తెలిపేది. శాసనానికి ఆమోదం ఒక ముఖమైతే, ఉల్లంఘిస్తే పడే శిక్ష మరో ముఖం. కనుకనే బ్యాంకు రుణానికీ శాంక్షనే, శత్రుదేశంపై విధించేదీ శాంక్షనే. తెలుగు పత్రికలు మొదటిదాన్ని ‘మంజూరు’ అనీ, రెండవదాన్ని ‘ఆంక్షలు’ అనీ వేరుగా రాస్తాయి.

మూడవది, నామవాచకాన్ని ప్రత్యయమేమీ లేకుండానే క్రియగా వాడే ఆంగ్ల స్వభావం. ‘డస్ట్’ అంటే ధూళి. దాన్ని క్రియగా మార్చినప్పుడు ధూళితో చేసే పని ఏదన్నది పదంలో ఉండదు. బల్లను డస్ట్ చేస్తే దుమ్ము పోతుంది. పైరును డస్ట్ చేస్తే పొడిమందు పడుతుంది.

మరి ఇన్ని విరుద్ధార్థాలతో భాష ఎలా నడుస్తోంది? వాక్యమే వాటిని విడదీస్తుంది గనుక. 1611 నాటి ఆంగ్ల బైబిల్‌లో ‘క్లీవ్’ రెండర్థాల్లోనూ కనిపిస్తుంది. భర్త భార్యను హత్తుకుంటాడన్న చోట క్రియ తర్వాత ‘అన్‌టు’ అనే విభక్త్యర్థక పదం ఉంది. కట్టెలు చీల్చే చోట కర్మ నేరుగా వచ్చింది. వ్యాకరణం కాపలా ఉన్నచోట విరుద్ధార్థాలు నిలుస్తాయి. అది లేనిచోట ఒకటి తొలగక తప్పదు. ‘లెట్’ విషయంలో అడ్డగింత అనే అర్థం లోకవ్యవహారం నుంచి జారిపోయి న్యాయభాషలోనూ ఆటలోనూ మాత్రమే మిగిలింది.

ఈ సూత్రానికి బలమైన ఉదాహరణ ఫ్రాన్స్ నైరుతి ప్రాంతమైన గాస్కనీలో దొరికింది. అక్కడి ధ్వని మార్పుల వల్ల కోడిపుంజుకూ పిల్లికీ ‘గాట్’ అనే ఒకే మాట ఏర్పడవలసి వచ్చింది. రెండూ ఒకే పెరట్లో తిరిగేవి. వాక్యం వాటిని విడదీయలేదు. అందుకే ఆ ప్రాంత ప్రజలు పుంజును నెమలిజాతి పక్షి అయిన ఫెజంట్ పేరుతోనో, చర్చి అధికారి పేరుతోనో పిలవసాగారు. భాషావేత్త జూల్ జిలియేరాన్ మాండలిక పటాలను పరిశీలించి ఈ సంగతిని నిరూపించాడు.

రెండు సమాజాలు ఒకే గదిలో కూర్చున్నప్పుడు ఈ కాపలా విఫలమవుతుంది. ఒక ప్రతిపాదనను ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇరుదేశాల సేనాధికారులు ఈ మాటపైనే చాలాసేపు వాదించుకున్నారనీ, చివరికి ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని తేలిందనీ చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. అక్కడ ఇరుపక్షాల వాక్య నిర్మాణమూ ఒక్కటే. వెనుక ఉన్న సంప్రదాయాలే వేరు.

అందువల్ల ఒప్పందాలు, చట్టాలు, కార్యాలయ నివేదికలు రాసేవారు ఇటువంటి పదాల పట్ల జాగ్రత్త వహించాలి. ‘ఓవర్‌సైట్’ అని రాస్తే పర్యవేక్షణ జరిగిందనీ, పొరపాటు జరిగిందనీ రెండు విధాలుగానూ చదవవచ్చు. ఉద్దేశించిన అర్థాన్ని మరో మాటతో స్పష్టంగా చెప్పడమే అక్కడ క్షేమం.